అరసవల్లి సూర్యుడు కంప్యూటర్లోనూ ఉదయిస్తాడు

ఏటా మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరులో 1, 2 తేదీల ప్రాంతంలోనూ అరసవల్లి గుడి ముందు తెల్లవారకముందే జనం బారులు తీరతారు. మబ్బు లేకపోతే లేలేత కిరణాలు గోపుర ద్వారం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి చేరి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. మబ్బు పట్టిందా, మళ్ళీ ఆరు నెలలు ఆగాల్సిందే.

ఈ వింత వెనక ఉన్న లెక్కను ఇప్పుడు ఇంట్లో కంప్యూటరున్న ఎవరైనా సొంతంగా సరిచూసుకోవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. ఈసారి విశేషాలన్నీ అలాంటివే. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో, ఆన్‌లైన్ సేవల్లో అతి పెద్దవి, అతి చిన్నవి, అతి మొండివి. వాటిలో చాలా వాటికి మన సిక్కోలు (శ్రీకాకుళం)తో ఏదో ఒక చుట్టరికం ఉంది.

అన్నిటికంటే పెద్ద ఉచిత ఆకాశం

స్టెల్లేరియం అనే ఖగోళ సాఫ్ట్‌వేరును ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి యువకుడు 2000లో మొదలుపెట్టాడు. సోర్సు కోడు అందరికీ తెరిచి ఉంచడంతో దేశదేశాల స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చేతులు కలిపారు. ఇరవై ఏళ్ళకు పైగా వాళ్ళు 'ఇంకా సున్నా పాయింటే' అన్నట్టు నంబర్లు వేస్తూ వచ్చి, చివరికి 2022 అక్టోబరు మొదట్లో 1.0 అని ప్రకటించారు. సరిగ్గా అరసవల్లిలో కిరణాలు పడే రోజులవి. కాకతాళీయమే, అయినా చెప్పుకోవాలనిపించింది.

దీన్ని వేసుకోగానే 6 లక్షలకు పైగా నక్షత్రాలు వస్తాయి. సరిపోవనుకుంటే అదనపు జాబితాలు దించుకుని 17 కోట్లు దాటించవచ్చు. ఊరి దీపాలు లేనిచోట మంచి చీకట్లో మన కంటికి కనిపించేవి రెండు మూడు వేలకు మించవు. ఉచితంగా ఇంటికొచ్చే ఆకాశాల్లో ఇంతకంటే పెద్దది నేనెరగను.

అరసవల్లి ప్రయోగం ఇలా చేయాలి. ఎఫ్6 నొక్కితే ఊరి కిటికీ తెరుచుకుంటుంది. అందులో అక్షాంశం 18.3 ఉత్తరం, రేఖాంశం 83.9 తూర్పు అని ఇవ్వాలి. ఎఫ్5 నొక్కి మార్చి 9, ఉదయం ఆరు దాటాక ఒక సమయం పెట్టాలి. తూర్పుకు తిరిగితే సూర్యుడు అప్పుడే దిగంతం మీదికి వస్తుంటాడు. అతని మీద క్లిక్ చేస్తే ఉత్తరం నుంచి కొలిచిన దిక్కు డిగ్రీల్లో కనిపిస్తుంది. నేరుతూర్పు అంటే 90 డిగ్రీలు. మన సూర్యుడు 95కు కాస్త ఇటుగా ఉంటాడు, అంటే తూర్పు నుంచి దక్షిణానికి ఐదు డిగ్రీలకు చేరువలో. ఇప్పుడు తేదీని అక్టోబరు 2కు మార్చి, గడియారాన్ని ఆరుకు కాస్త ముందు సమయానికి మార్చండి. దిక్కు మళ్ళీ 94 దగ్గరికి వచ్చి నిలుస్తుంది.

రహస్యమంతా విషువత్తుల్లో ఉంది. మార్చి 20 దగ్గర పగలూ రాత్రీ సమానమవుతాయి. అప్పటికి పదకొండు రోజుల ముందు సూర్యుడు ఏ దారిలో ఉత్తరానికి వస్తున్నాడో, సెప్టెంబరు 23 తరవాత తొమ్మిది పది రోజులకు అదే దారిలో దక్షిణానికి వెళ్తుంటాడు. అందుకే ఏడాదికి రెండుసార్లు. మరి ఆ వింత వారాలపాటు ఎందుకు ఉండదు? విషువత్తుల దగ్గర సూర్యుడు రోజుకు 0.39 డిగ్రీల చొప్పున ఉత్తర దక్షిణాలు మారతాడు. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ చిల్లర. అంటే ఒక్క రోజులో తన వెడల్పులో ముప్పాతిక వంతు పక్కకు జరిగిపోతాడు. ద్వారాల వరుసలోంచి చూసే సన్నని చూపుకు రెండు మూడు రోజుల్లోనే తప్పిపోతాడు. అదే డిసెంబరు చివర్లో అయితే సూర్యుడు దాదాపు కదలడు. మకర రేఖ వైపు చూసేలా గుడి కట్టి ఉంటే కిరణాలు వారాల తరబడి పడేవి, చూడటానికి ఇంత తపనా ఉండేది కాదు. ఏడో శతాబ్దంలో తూర్పు గంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే గుడి ఇది. ఆ స్థపతులకు తెరా లేదు, కీబోర్డూ లేదు. ఏళ్ళ తరబడి తూర్పు దిగంతాన్ని చూసిన కళ్ళున్నాయి.

ఇంకో చిన్న సంగతి. దిక్కు ఒకటే అయినా గడియారం ఒకటి కాదు. అరసవల్లిలో మార్చి 9న సూర్యోదయం ఆరు దాటాక, అక్టోబరు 2న ఆరుకు పావుగంట ముందు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి నిండు వలయం కాకపోవడం, భూమి ఇరుసు వాలి ఉండటం, ఈ రెండూ కలిసి తెచ్చే తేడా ఇది. స్టెల్లేరియంలో తేదీలు మార్చి చూసే పిల్లలకు ఈ పాఠం ఏ పుస్తకమూ చెప్పలేనంత తేలిగ్గా ఎక్కుతుంది. శ్రీకాకుళం బళ్ళలోని కంప్యూటర్ గదులన్నిటిలో ఇది ఉండాలని నా కోరిక.

ముప్పై వేల ఏళ్ళు, వంద మెగాబైట్లు

గ్రహస్థితుల లెక్కల్లో నేటికీ ప్రపంచంలో ఎక్కువమంది ఆధారపడేది అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ పట్టికల మీద. అందులో డీఈ431 అనేది క్రీ.పూ. 13 వేల నుంచి క్రీ.శ. 17 వేల దాకా, ముప్పై వేల ఏళ్ళను చుట్టేస్తుంది. అసలు ఫైళ్ళు 2.8 జీబీ. స్విట్జర్లాండుకు చెందిన ఆస్ట్రోడీన్స్ట్ సంస్థ దాన్ని వంద మెగాబైట్ల లోపుకు కుదించి స్విస్ ఎఫెమెరిస్ పేరుతో ఇచ్చింది. కుదించినా తేడా ఆర్క్ సెకనులో వెయ్యో వంతు దగ్గరే ఉంటుంది.

మన పంచాంగాలకు దీనితో గట్టి ముడి ఉంది. అమెరికాలో ఉంటున్న తెలుగు ఇంజనీరు పి.వి.ఆర్. నరసింహారావు రాసి ఉచితంగా పంచిన జగన్నాథ హోర సాఫ్ట్‌వేరు దీని మీదే నడుస్తుంది. తిథి, నక్షత్రం, యోగం, కరణం ఒక్క క్లిక్‌తో వచ్చేస్తాయి. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, తిథి లెక్క మాత్రం ఖగోళమే. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ప్రతి 12 డిగ్రీల దూరానికీ ఒక తిథి. రథసప్తమి ఏ రోజు పడుతుందన్న తర్జనభర్జన వచ్చినప్పుడు సప్తమి ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగుస్తుందో చూసుకుని మాట్లాడవచ్చు.

ఆ లాబొరేటరీదే హొరైజన్స్ అనే ఆన్‌లైన్ సేవ 1996 నుంచి నడుస్తోంది. పది లక్షలకు పైగా గ్రహశకలాల జాడ అందులో అడిగి తెలుసుకోవచ్చు. వెబ్ పేజీ తెరవనక్కర్లేకుండా ఈ-మెయిల్‌లో ప్రశ్న పంపినా జవాబు వస్తుంది. పాత కాలపు పద్ధతిని తీసెయ్యకుండా ఇన్నేళ్ళు నిలబెట్టడం నాకు నచ్చిన సంగతి.

ఫ్లాపీలో పట్టే ఆపరేటింగ్ సిస్టం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. లక్షణంగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా విండోస్ 11 షరతులకు సరిపోక మూలపడే పరిస్థితి వచ్చింది. డీటీపీ సెంటర్లలో, మీసేవా పక్కనున్న జిరాక్స్ షాపుల్లో అలాంటివి ఎన్నో.

అలాంటి పాత యంత్రాలకు తేలికైన ఉచిత ఆపరేటింగ్ సిస్టంలు ఉన్నాయి. తేలికదనంలో రికార్డు చూడాలంటే కొలిబ్రీ ఓఎస్ చూడాలి. మొత్తం ఆపరేటింగ్ సిస్టం, కిటికీలతో, ఆటలతో సహా 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పడుతుంది. దాదాపు అంతా అసెంబ్లీ భాషలో రాసినందువల్లే అది సాధ్యమైంది. రోజువారీ పనికి మాత్రం పనికిరాదు, తెలుగు అసలే కుదరదు. టైనీకోర్ లినక్స్ కూడా అతి చిన్న రూపంలో 20 మెగాబైట్ల లోపే ఉంటుంది. నిజంగా పాత యంత్రాన్ని మళ్ళీ పనిలో పెట్టాలంటే లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం మంచిది, 4 జీబీ ర్యామ్ చాలు.

తెలుగు టైపింగ్ మాటేమిటని అడుగుతారు. లినక్సులో ఎం17ఎన్ అనే ఉచిత కూర్పు ఉంది. అందులో ఇన్‌స్క్రిప్టుతోపాటు ఆపిల్, పోతన, ఆర్టీఎస్ వరసలు కూడా ఉన్నాయి. పాతికేళ్ళుగా ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడిన డీటీపీ వేళ్ళను కొత్తగా దిద్దుకోమనాల్సిన అవసరం లేదు.

ఇదే లినక్సు ఇంకో చివర కూడా ఉంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ దీని మీదే నడుస్తున్నాయి.

ఫోన్లను కూల్చిన తెలుగు అక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లను వణికించింది. అది 'జ్ఞా'. ఎవరైనా సందేశంలో ఆ అక్షరం పంపితే చాలు, చదవబోయిన యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే కొన్నిసార్లు ఫోను మొత్తం మళ్ళీ మళ్ళీ పడిపోయి లేచేది. మ్యాక్ కంప్యూటర్లు, ఆపిల్ వాచీలు, టీవీ పెట్టెలు కూడా తప్పించుకోలేదు. ఒకే అక్షరం ఇన్ని రకాల యంత్రాలను ఒకేసారి పడగొట్టిన సందర్భం ఇంకొకటి నాకు గుర్తులేదు.

మరి అంతకుముందు 'జ్ఞాపకం', 'విజ్ఞానం' రాసినప్పుడు ఏమీ కాలేదే? తేడా కంటికి కనిపించదు. మామూలు 'జ్ఞా'లో జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలుంటాయి. కూల్చినదానిలో ఞకూ దీర్ఘానికీ మధ్య ఐదోది దాగి ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేని, అచ్చులో కనిపించని సంకేతం అది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ఒత్తు పడకుండా పొల్లుతో ఆపడానికి మనం రోజూ వాడేదే. అయితే అక్కడ పొల్లు తరవాత రావాలి. ఇక్కడ అది రాకూడని చోట వచ్చింది. అక్షరాలను తెర మీద గీసే ఆపిల్ ప్రోగ్రాం దీర్ఘాన్ని దేనికి అతికించాలో తెలియక కూలబడింది. తరవాత తవ్వి చూసిన నిపుణులు బెంగాలీ, దేవనాగరి వంటి లిపుల్లో కూడా అలాంటి కలయికలు ఉన్నాయని తేల్చారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దీన్ని సరిదిద్దింది.

ఆ వారం రోజులూ మన లిపిని ఏదో ఆయుధంలా వర్ణించిన వార్తలు చదివి నొచ్చుకున్నాను. తప్పు అక్షరానిది కాదు. గుణింతాలూ ఒత్తులూ ఉన్న లిపులను చివర్లో చూసుకుందాంలే అనుకునే పరీక్షల పద్ధతిది.

గిడుగు ఊరి నుంచి యూనికోడ్ దాకా

ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి సంచికలోనే, 1991లో, తెలుగు చోటు దక్కించుకుంది, 128 గళ్ళ గడి మనకు కేటాయించారు. విండోస్‌లో తెలుగు కనిపించడానికి మాత్రం ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు దాకా ఆగాం. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా పుట్టింది. ఇవాళ వ్యాసాలు లక్ష దాటాయి. వీవెన్ తయారుచేసిన లేఖిని ఎందరికో వెబ్‌లో తొలి తెలుగు పలక.

ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు సంకేతానికి మూడు కావాలి. 'అరసవల్లి' అని రాస్తే ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. అదే పేరు ఇంగ్లీషులో పది బైట్లతో సరి. ఈ తేడా ఎక్కడ బరువవుతుందో కాసేపట్లో చెబుతాను.

సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లలో రెంటికి మన వాళ్ళ పేర్లున్నాయి. ఒకటి గురజాడ, విజయనగరం కవి పేరిట. రెండోది గిడుగు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడిన సంగతి అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాసి, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చువేయించిన సంగతి తక్కువ మందికి తెలుసు.

ఆ సవర భాషకు సొంత లిపి 1936లో వచ్చింది. మంగెయి గొమాంగో రూపొందించిన ఆ లిపి పేరు సొరా సొంపెంగ్. అది 2012 జనవరిలో యూనికోడ్ 6.1లో చేరింది. మొత్తం 35 సంకేతాలు. పాతిక అక్షరాలు, పది అంకెలు. గూగుల్ నోటో కుటుంబంలో దానికి ఉచిత ఫాంటు కూడా ఉంది. ఉన్న లిపి తెర మీద కనిపించక ఖాళీ డబ్బాలు రావడమన్నది ఏ భాషకూ ఉండకూడదన్నది ఆ ఫాంట్ల లక్ష్యం. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాల నుంచి ఒడిశా కొండల దాకా పరుచుకున్న సవరల లిపి ఇవాళ ప్రపంచంలోని ఏ కంప్యూటర్లోనైనా చూపించవచ్చు. ఈ వ్యాసంలోని రికార్డులన్నిటిలో నాకు అతి పెద్దదిగా తోచింది ఈ 35 సంకేతాల గడే. మన జిల్లాలో ఎన్ని కంప్యూటర్లలో ఆ ఫాంటు ఉంది? కొండ మీది బడుల్లో వేయించడానికి ఖర్చేమీ లేదు.

ఇంటింటి కంప్యూటర్లు కలిస్తే

1999 మే 17న మొదలైన సెటీ ఎట్ హోమ్, గ్రహాంతర వాసుల సంకేతాల కోసం ఖాళీగా ఉన్న ఇంటి కంప్యూటర్లతో రేడియో రికార్డులను వెతికించింది. 50 లక్షలకు పైగా జనం చేరారు. 2020 మార్చి 31న పని పంచడం ఆపేశారు. సరిగ్గా అదే నెలలో కరోనా వైరస్ ప్రోటీన్ల మీద పరిశోధన కోసం జనం ఫోల్డింగ్ ఎట్ హోమ్ వైపు పోటెత్తారు. సెకనుకు 1 పక్కన 18 సున్నాలన్ని లెక్కలు చేసే ఎక్సాఫ్లాప్ గీతను ప్రపంచంలో మొదట దాటింది ఆ ఇళ్ళ కంప్యూటర్ల గుంపే. ఏ ప్రభుత్వ సూపర్ కంప్యూటరూ అప్పటికి అక్కడికి చేరలేదు.

ప్రధాన సంఖ్యల వేట ఇంకా పాతది. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో గింప్స్ మొదలుపెట్టాడు. 2018 డిసెంబరులో ఫ్లోరిడాలోని ఒక మామూలు పీసీ 2,48,62,048 అంకెల ప్రధాన సంఖ్యను పట్టింది. 2024 అక్టోబరులో ఆ రికార్డు పోయింది. రెండును 13,62,79,841వ ఘాతానికి పెంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇప్పుడు అతి పెద్దది. 4,10,24,320 అంకెలు. పేజీకి మూడు వేల అంకెల చొప్పున అచ్చువేస్తే పదమూడు వేల పేజీలు దాటుతుంది. ల్యూక్ డ్యురాంట్ దీన్ని అద్దె సర్వర్లలోని గ్రాఫిక్స్ ప్రాసెసర్ల దండుతో కనిపెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా మామూలు పీసీల చేతిలోనే ఉన్న రికార్డు అలా చేజారింది. నాకది కొంత బాధే.

ల్యాప్‌టాప్‌లో కథలు చెప్పే యంత్రం

2023 మార్చిలో బల్గేరియా ప్రోగ్రామర్ గియోర్గి గెర్గనోవ్ లామా.సీపీపీ అనే చిన్న ప్రోగ్రాం బయటపెట్టాడు. అంతవరకూ ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు అడిగే భాషా మోడళ్ళు దానితో మామూలు ల్యాప్‌టాపులో నడవసాగాయి. చిట్కా ఏమంటే మోడల్లోని ఒక్కో సంఖ్యను 16 బిట్లకు బదులు నాలుగింటిలో దాచడం. 13 జీబీ మోడల్ నాలుగు జీబీకి దిగుతుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, మన మాటలు ఊరు దాటవు.

మూడు బైట్ల బరువు తగిలేది ఇక్కడే. తొలి తరం మోడళ్ళు ఇంగ్లీషు మాటను ఒకటి రెండు ముక్కలుగా చదివి, తెలుగు అక్షరాన్ని బైటు బైటుగా చీల్చి చదివేవి. అదే సంగతి తెలుగులో అడిగితే పని ఎన్నో రెట్లు పెరిగి, జవాబు నత్తనడక నడిచేది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వేలాది ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి పాత తెలుగు కథలను పోగుచేయించి, వాటితో చందమామ కథలు అనే చిన్న మోడల్‌ను 2024లో తెచ్చింది. చిన్నదే కావచ్చు. తెలుగు పాఠం తెలుగు పిల్లలే సిద్ధం చేశారు, అదీ గొప్ప.

పాత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉండనే ఉంది. 2025 అక్టోబరులో అక్కడ భద్రపరచిన వెబ్ పేజీలు లక్ష కోట్లు దాటాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో అక్కడున్నాయి.

గాలిని చూపే పటాలు

కేమరన్ బెకారియో అనే ప్రోగ్రామర్ 2013 చివర్లో భూగోళం మీది గాలులను కదిలే గీతలుగా చూపే నల్‌స్కూల్ పటాన్ని సరదాగా తయారుచేసి, కోడు కూడా పంచాడు. దాని ఊతంతోనే చెక్ దేశస్థుడు ఇవో లుకాచోవిచ్ 2014లో విండీ మొదలుపెట్టాడు. విశాఖను హుద్‌హుద్ తుపాను కూల్చిన ఏడాది అదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలు నేలకొరిగాయి. అలాంటి రాత్రుల్లో ఈ పటాలు తెరిచి సుడి ఎటు తిరుగుతోందో చూసే అలవాటు ఇప్పుడు తీరంలో చాలామందికి ఉంది. అయితే ఆ గీతలు తీసిన ఫొటోలు కావని గుర్తుంచుకోవాలి. నల్‌స్కూల్‌కు ఆధారమైన అమెరికా మోడల్ రోజుకు నాలుగుసార్లు మాత్రమే కొత్తగా లెక్కిస్తుంది. విండీలో బాగా సూక్ష్మమైన యూరోపియన్ మోడల్ కూడా భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్ళుగానే చూస్తుంది. అరసవల్లి నుంచి కళింగపట్నం తీరం దాకా దానికి కనిపించేవి మూడే గళ్ళు. మన వీధిలో గాలి ఎంతో అది చెప్పలేదు. సుడి దగ్గరపడ్డాక చూడాల్సింది విశాఖపట్నంలోని తుపాను హెచ్చరిక కేంద్రం ప్రకటనలు. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో అవీ ఉచితమే.